ఎప్పటి సంది?

ఎంజీఎం ఓపీల
డాక్టరమ్మ పెన్ను ఎత్తి పట్టుకొని అడిగింది:
ఎప్పటి సంది?

చీటీ మీద ఆ గీత
అగ్గిపుల్లంత గూడ లేదు.
దాని మీద మా అన్న మార్కండిని నిలబెట్టాలె.

అవ్వ తడుముకోలే.
మొన్నటి ఎండకాలం నుంచి, మేడమ్.
కానిస్టేబుల్ పరీక్షకని రాత్రంత చదివి
నాలుగు గొట్టంగనే గ్రౌండుకు ఉరికేటోడు.
ఇగ నిద్రే వద్దన్నడు.
తొమ్మిది దినాలు కన్ను మూయలే.
కొత్తవాడల ఇంటింటి తలుపు గొట్టి
మీ అప్పులన్నీ నేనే కడత అని మాటిచ్చిండు.
మగ్గం మీది జంపఖానను సగంల కోసుకపోయి
చౌరస్తాల పండుకున్న ముసలామెకు కప్పి వచ్చిండు.
కరెంటు పోయినా వాని మొఖం వెలుగుతుండె, మేడమ్.

డాక్టరమ్మ రాసుకుంది.
గీత మీద గాదు, పక్కన.
అంతకు ముందు?

అంతకు ముందేం లేదు, అన్నది అవ్వ.

ఉన్నది, అన్న నేను.
ఇంటర్ల తప్పినంక మూడు నెలలు
గోడ దిక్కు తిరిగి పండుకున్నడు.
మేము దాన్ని బద్ధకమన్నం.
మేమంటే నేనే.
ఒకనాడు చెంబెడు నీళ్లు గుమ్మరించిన మొఖం మీద.
తుడుసుకోలేదు గూడ.

మొన్న చలికాలం మళ్ల అట్లనే ముడుసుకుంటే
ఎవరో గోలీలు రాసిచ్చిన్రు.
నెల తిరగంగనే లేసి తిరిగిండు, నవ్విండు.
మేము గల్లీల మిఠాయి పంచినం.

ఏం గోలీలు?
పేరు యాదికి లేదు. ఆకుపచ్చ అట్ట.

కోటకాడ పడిపోయిన రాళ్ల సాటున
దోస్తులతోని పీల్చిన పొగ సంగతి అవ్వకు తెల్వది.
నేను రెండు వేళ్లు పెదవి మీద పెట్టి చూపిచ్చిన.
డాక్టరమ్మ తలూపింది.

మీ ఇంట్ల ఇంకెవరికన్న?

అవ్వ కొంగు సరిజేసుకున్నది.
లేదు మేడమ్, మా దిక్కు ఎవ్వరికీ లేదు.

పరకాల మేనమామ సారంగపాణి ఫోటో
మా ఇంట్ల ఏ గోడకూ లేదు.
ఒక ఏడు వాడకట్టంతటికి కొత్త బట్టలు పెట్టిండట.
ఇంకో ఏడు ఇంట్లకెల్లి బయటికే రాలేదట.
అన్న పుట్టిననాడు
అచ్చం మామ ముక్కే అని మురిసిన నోరే
ఇప్పుడు లేదంటున్నది.

బాపు గోళ్ల సందుల నీలం రంగు గీక్కుంటున్నడు.
పిలగానికి ఏడేండ్లప్పుడు నేను భీవండి పోయిన, అన్నడు.
నాలుగేండ్లు.
కాజీపేటల రైలెంబడి
ప్లాట్‌ఫాం కొసదాక ఉరికిండు.
నేను చూసి గూడ చెయ్యి ఊపలే.
అక్కన్నుంచి రాయున్రి.

మీ తప్పని నేనెక్కడా రాయను, అన్నదామె.
నెత్తుర్ల పండుకున్నదాన్ని
దుఃఖం లేపొచ్చు, పొగ లేపొచ్చు, నిద్ర లేకపోవుడు లేపొచ్చు.
ఏదీ లేపకపోవచ్చు గూడ.

బాపు చానసేపు ఊకున్నడు.
నలభై ఏండ్ల సంది నూలు ముంచుతున్న, మేడమ్.
తెల్లది ఏ గడియల నీలమైతదో
ఒక్కనాడు చూడలే.
తీసి చూసేటాల్లకే అయ్యుంటది.

అప్పుడు బెంచి మీదికెల్లి మార్కండి అన్నడు:
నన్నడుగరేంది?

నలుగురం అటు తిరిగినం.
నిజమే, ఎవ్వరం అడగలే.

ఎప్పటి సంది, మార్కండీ?

ఫ్యాను దిక్కు చూసుకుంట చెప్పిండు:
నేను మంచిగున్నప్పటి సంది.

డాక్టరమ్మ గీత మీద ఇరవై అని రాసింది.
దాని పక్కన ఒక ప్రశ్న గుర్తు.
చీటీ చింపిస్తూ నా దిక్కు చూసింది.
నీకెన్నేండ్లమ్మా?
పద్దెనిమిది.
నిద్ర మంచిగ పడుతుందా?

ఆ రాత్రి అన్న గోలీ ఏసుకొని పండుకున్నడు.
బాపు మగ్గం జల్ది ఆపిండు.
నేను పదింటికే పుస్తకం మూసి లైటు బందు జేసిన.
గడియారం చూడొద్దనుకుంటనే
రెండున్నర దాక చూసిన.